సంగీత విద్యార్థుల పత్రిక: రెండో సంచికకు ముందు దిద్దుకోవలసినవి

తరువాత చదివేవారికి సందర్భం తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీరు సంగీత కళాశాలలో డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నారు. ఆరుగురు మిత్రులు కలిసి ఏ4 పరిమాణంలో, అట్ట కాక 32 పేజీలతో తొలి సంచికను 300 ప్రతులు వేశారు. చూసినవారందరూ బాగుందన్నారు. అయినా సగం ప్రతులు కట్టలు విప్పకుండా బీరువాలోనే ఉన్నాయి, పంచినవాటిని చదివినట్టు కూడా ఎవరూ కనిపించలేదు. రెండో సంచికకు రూపకల్పనలో ఏమేమి మార్చాలని అడుగుతూ మొదటి సంచిక పీడీఎఫ్‌ను జతచేశారు.

నేను పాతికేళ్లుగా తెలుగు పత్రికల్లో పేజీలు కూర్చే పనిలో ఉన్నాను. అంతకు ముందు ఏడేళ్లు వీణ నేర్చుకున్నాను. ఈ రెండు అనుభవాలతోనూ మీ సంచికను చూశాను. తెరమీద ఒకసారి చూసి, తరువాత స్వరలిపి (పాట స్వరాలను రాసి చూపే పద్ధతి) ఉన్న నాలుగు పేజీలను కాగితం మీదకు తీసి, వీణ ఒళ్లో పెట్టుకుని, ఆ పేజీలను ఎదురుగా నేలమీద పరిచి వాయించడానికి ప్రయత్నించాను. రెండో ఆవర్తనానికే, అంటే తాళం రెండో చుట్టుకే, ఆగిపోయాను. అక్షరాలు కనబడలేదు. మీ పత్రికలోని అసలు లోపం అక్కడే ఉందని నా అభిప్రాయం. ముఖచిత్రం, రంగులు, ఫాంట్లు అన్నీ దాని తరువాతివే.

సంగీత పత్రికకూ మిగిలిన పత్రికలకూ ఒక పెద్ద తేడా ఉంది. కథల పత్రికను చేతిలో పట్టుకుని చదువుతాం. సంగీత పత్రికలోని స్వరలిపి పేజీని చదివేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు. గాత్రం విద్యార్థి ఒక చేత్తో తాళం వేస్తాడు, వీణ విద్యార్థికి రెండు చేతులూ వాద్యం మీదే ఉంటాయి, వయొలిన్ విద్యార్థికీ అంతే. పత్రిక నేలమీదో చిన్న పీటమీదో రెండున్నర, మూడడుగుల దూరంలో ఉంటుంది. మామూలుగా పుస్తకాన్ని కంటికి అడుగు పైన ఓ నాలుగంగుళాల దూరంలో పట్టుకుంటాం కదా, దానికి ఇది రెట్టింపు. దూరం రెట్టింపైతే అక్షరం కూడా దాదాపు రెట్టింపు కావాలి. మీరు వ్యాసాలకు వాడిన 11 పాయింట్ల అక్షరాన్నే స్వరాలకూ వాడారు. స్వరాలను 20 పాయింట్లకు, వాటి కింది సాహిత్యాన్ని, అంటే పాట మాటలను, 14 పాయింట్లకు పెంచండి. చోటు చాలదనిపిస్తే నాలుగు కృతులకు బదులు ఒకటే వేయండి. వాయించలేని నాలుగింటి కన్నా వాయించగలిగిన ఒక్కటి విద్యార్థికి మేలు.

ఇక స్వరాల అమరిక. మీరు స్వరాలను టైపు చేసి మధ్యలో ఖాళీలు కొట్టి వరుసలు సర్దారు. అందువల్ల పై ఆవర్తనంలో మూడో అక్షరం కింది ఆవర్తనంలోని మూడో అక్షరానికి సూటిగా లేదు, సాహిత్యం కూడా తన స్వరం కింద నుంచి జారిపోయింది. సరళీ వరుసల మొదటి పాఠాన్నే ఉదాహరణగా తీసుకోండి. 'స రి గ మ | ప ద | ని స ||' అన్న ఆదితాళ ఆవర్తనంలో నాలుగు అక్షరాల లఘువు, రెండేసి అక్షరాల రెండు ద్రుతాలు ఉన్నాయి (ఇక్కడ అక్షరమంటే తాళంలో ఒక లెక్క). ఎనిమిది గడుల పట్టిక వేసి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరకాలాన్ని కూర్చి, గీతలు కనబడకుండా చేసి, లఘువు తరువాత, తొలి ద్రుతం తరువాత ఒక్కో నిలువు గీత, చివర జంట గీత మాత్రమే కనబడనిస్తే కన్ను ఏ ఆవర్తనంలో ఉన్నా తాళాన్ని తప్పదు. అక్షరానికి నాలుగు స్వరాలు వచ్చే రచనల్లో ఆవర్తనానికి 32 స్వరాలవుతాయి, అవి ఒకే పంక్తిలో పట్టవు. అప్పుడు లఘువును ఒక పంక్తిలో, రెండు ద్రుతాలను దాని కింది పంక్తిలో వేయండి. రెండింటిలోనూ పదహారేసి స్వరాలే కాబట్టి పేజీ సమంగా ఉంటుంది, ఊపిరి తీసుకునే చోటు కూడా స్పష్టమవుతుంది.

స్థాయి చుక్కల గురించి, అంటే స్వరం పై (తార) స్థాయిదో కింది (మంద్ర) స్థాయిదో చెప్పే చుక్కల గురించి, కొంచెం ఎక్కువగా చెప్పాలి. పై పాఠంలో చివరి 'స' పైన చుక్క ఉండాలి. అవరోహణలో మొదటి 'స' పైనా ఉండాలి. మీ పేజీల్లో కొన్ని చుక్కలు అక్షరం మీద కూర్చోకుండా పక్కకు ఒరిగాయి, కొన్ని అసలే లేవు. ఇది మీ అజాగ్రత్త అని నేను అనుకోవడం లేదు. చాలా తెలుగు ఫాంట్లలో అక్షరం నెత్తిన విడిగా చుక్క పెట్టే ఏర్పాటు ఉండదు. సాఫ్ట్‌వేర్ ఆ చుక్కను వేరే ఫాంటు నుంచి తెచ్చి తనకు తోచిన చోట పెడుతుంది. నేను కనుగొన్న నమ్మకమైన దారి ఏమిటంటే, పట్టికలో ప్రతి స్వరాల వరుసకూ పైన ఒక సన్నని వరుస, కింద ఒక సన్నని వరుస అదనంగా వేసి, తారస్థాయి చుక్కను పై గడి మధ్యలో, మంద్రస్థాయి చుక్కను కింది గడి మధ్యలో పెట్టడం. రెండో కాలం, మూడో కాలం (రెట్టింపు, నాలుగింతల వేగం) చూపే గీతలకు కూడా ఆ పై వరుసే పనికొస్తుంది. శ్రమ ఎక్కువే, కాని ఫాంటు మారినా, కంప్యూటర్ మారినా చుక్క చెదరదు.

ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణముంది. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మేము వేసిన సంచికలో వర్ణం అనే రకం సంగీత రచన ఒకటి ఉంది. ప్రూఫుల్లో అంతా సరిగ్గానే ఉంది. ఫైలును అచ్చుకు ఇచ్చినచోట మేము వాడిన ఫాంటు లేకపోవడంతో మరో ఫాంటుతో తెరిచి అచ్చువేశారు. నాలుగు వందల ప్రతులు వచ్చాక చూస్తే ఆ వర్ణం మొత్తంలో ఒక్క స్థాయి చుక్క కూడా లేదు. మా గురువుగారు ఎవరినీ ఏమీ అనలేదు. తరగతి గదిలో చాప పరిపించి, నల్ల పెన్నులు తెప్పించి, తానూ మాతో పాటు కూర్చున్నారు. రెండు రాత్రులు నాలుగు వందల ప్రతుల్లో చుక్కలు పెట్టాం. ఎనభయ్యో ప్రతి దగ్గర నేను ఒక చుక్కను పొరపాటున 'గ' పైన పెడితే, ఆయన ఆ ప్రతిని పక్కకు తీసి, దాన్ని ఎవరికీ ఇవ్వవద్దని చెప్పారు. ఆ ప్రతి ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తెలుగులో స్వరలిపిని అచ్చువేయడానికి పెద్దలు పడిన శ్రమ మీకు ధైర్యాన్నివ్వాలి. ముత్తుస్వామి దీక్షితుల వంశానికి చెందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే అచ్చయింది. స్వరాలకు తోడు గమకాలను, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికే తీరులను, కూడా గుర్తులతో చూపిన గ్రంథం అది. సీసపు అక్షరాలను చేత్తో పేర్చే రోజుల్లో అన్ని గుర్తులను స్వరాల పైన సూటిగా నిలపడం ఎంత కష్టమో, కొంతకాలం చేతి కూర్పు చూసినవాడిగా నాకు తెలుసు. మీ కళాశాల గ్రంథాలయంలో ఆ గ్రంథం ఉంటే ఏ కృతి దగ్గరైనా తెరిచి, స్వరానికీ గుర్తుకూ సాహిత్యానికీ మధ్య విడిచిన దూరాలను స్కేలుతో కొలిచి చూడండి. ఏ సాఫ్ట్‌వేర్ పాఠమూ నేర్పనిది అక్కడ నేర్చుకోవచ్చు.

స్వరలిపిని ఎక్కడ వేయాలన్నది కూడా రూపకల్పనలో భాగమే. మధ్యలో పిన్నులు కొట్టిన పత్రిక నేలమీద తెరిచి ఉండదు, చేయి తీయగానే మూసుకుంటుంది. కాని సరిగ్గా నడిమి రెండు పేజీలు, మీ పత్రికలో 16, 17, ఒకే కాగితం. అక్కడ పత్రిక చదునుగా తెరుచుకుంటుంది, రెండు పేజీల మధ్య తెగుదల ఉండదు. కృతిని అక్కడ వేయండి. కావాలనుకున్నవారు పిన్నులు విప్పి ఆ ఒక్క కాగితాన్నీ తీసి దాచుకోగలుగుతారు. దాని వెనుక వైపు, అంటే 15, 18 పేజీల్లో, ఆ కృతి రాగలక్షణం, సాహిత్యానికి ప్రతిపదార్థం వేస్తే తీసిన కాగితం తనంత తానుగా సంపూర్ణమవుతుంది. మీరు నడిమి పేజీల్లో వార్షికోత్సవం ఫొటోలు వేశారు. అవి ఎక్కడైనా ఒదుగుతాయి.

ఇక వ్యాసాల పేజీలు. మొత్తం సంచికలో తొమ్మిది ఫాంట్లు లెక్కపెట్టాను. రెండు చాలు, ఒకటి చదివే పాఠానికి, ఒకటి శీర్షికలకు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ఆధ్వర్యంలో వెలువడిన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మండలి పాఠానికి, రామభద్ర శీర్షికలకు బాగా కుదురుతాయి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన కూడా పాఠానికి నిండుగా ఉంటుంది. ఇంగ్లీషు పత్రికల నమూనాలు చూసి పేజీ కట్టేవారు ఒక సంగతి మరచిపోతారు. ఇంగ్లీషులో పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు, వాలు (ఇటాలిక్) అక్షరాలు ఉన్నాయి కాబట్టి ఒకే ఫాంటుతో నాలుగైదు అంతరాలు చూపవచ్చు. మనకు పెద్దబడి లేదు. తెలుగు అక్షరాన్ని బలవంతంగా వాల్చితే గుండ్రదనం పోయి పడిపోతున్నట్టు కనబడుతుంది. అందువల్ల మన పేజీలో ప్రాధాన్యాన్ని అక్షరం పరిమాణంతో, బొద్దుదనంతో, చుట్టూ విడిచే ఖాళీతో మాత్రమే చూపగలం. శీర్షిక 30 పాయింట్లు, ఉపశీర్షిక 15, పాఠం 11, ఫొటో కింది వ్యాఖ్య 9 అని ఒకసారి నిర్ణయించుకుని చివరి పేజీ దాకా అదే పాటించండి.

పంక్తుల మధ్య దూరం మీరు చాలా తగ్గించారు. 11 పాయింట్లకు 13 పాయింట్ల దూరం ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉన్నాయి. మీ ఏడో పేజీలో రెండో కాలమ్ చూడండి, ఒక పంక్తిలో 'శాస్త్రీయ' అన్న మాట కింది ఒత్తులు దాని కింది పంక్తిలోని 'కీర్తన' గుడికి తగులుతున్నాయి. 16 పాయింట్లకు పెంచండి, 17 అయినా తప్పులేదు. మూడు కాలమ్‌లను రెండు చేయండి. మన మాటలు సంధులతో, విభక్తులతో పొడవుగా ఉంటాయి, సన్నని కాలమ్‌లో రెండు వైపులా సమం చేస్తే మాటల మధ్య గండ్లు పడతాయి. 'మాయామాళవగౌళరాగంలో' అన్న ఒక్క మాట మీ కాలమ్‌లో సగానికి పైగా ఆక్రమించింది, మిగిలిన రెండు చిన్న మాటలు చెరో చివరకూ పోయాయి. ఎడమవైపు మాత్రమే సమం చేసి కుడివైపును దానంతట దాన్ని వదిలేయడానికి సందేహించకండి. వ్యాసం మొదట్లో ఒక్క అక్షరాన్ని పెద్దదిగా వేసే అలంకారాన్ని కూడా మానేయండి. 'త్యాగరాజు' అన్న మాటతో మొదలైన మీ వ్యాసంలో 'త' పెద్దదై, దాని కింది 'య' ఒత్తు విడిపోయి పాఠంలోకి జారింది.

పాఠం వెనుక వీణ బొమ్మను లేత రంగులో పరచడం చాలా పత్రికల్లో ఉన్న అలవాటే. అది పేజీని అందంగా చేస్తుందని నేను ఎన్నడూ నమ్మలేదు. చదివే కంటికి అడ్డం వస్తుంది, అంతే. చిన్న అక్షరాలను శుద్ధమైన నలుపు ఒక్క రంగులోనే ఉంచండి. నాలుగు రంగుల కలయికతో వచ్చే నలుపును వాడితే ముద్రణలో రంగులు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ నీడ కనబడుతుంది. స్వరలిపిలో ఆ నీడను చుక్కగా పొరబడే ప్రమాదం కూడా ఉంది.

ముఖచిత్రం మీద సరస్వతీదేవి, సంగీత త్రిమూర్తులు, వీణ, మృదంగం, వేణువు, వీటన్నిటి మధ్య ట్రెబుల్ క్లెఫ్ గుర్తు ఉన్నాయి. ఆ చివరి గుర్తు పాశ్చాత్య స్వరలిపిలోది. మీరు నేర్చుకునే స్వరలిపిలో దానికి పని లేదు. అంతర్జాలంలో 'సంగీతం' అని వెతికితే మొదట దొరికే బొమ్మ కావడం వల్ల అది వచ్చి చేరింది. మిగిలినవి పూజనీయమైనవే, కాని ఏ సంగీత సంస్థ ఆహ్వానపత్రిక మీదైనా అవే ఉంటాయి. ఇది మీ కళాశాల పత్రిక అని చెప్పే బొమ్మ ఒక్కటి చాలు. వీణ విద్యార్థుల ఎడమచేతి చూపుడు వేలినీ నడిమి వేలినీ ఎప్పుడైనా దగ్గరగా చూశారా? తంత్రి ఒత్తిన చోట చర్మం గట్టిపడి నల్లని గాడి పడుతుంది. మెట్ల మీద ఆనిన ఆ వేళ్లను కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, దగ్గర నుంచి తీసిన ఫొటో మీ ముఖచిత్రమైతే వాద్యం నేర్చుకునే ప్రతి విద్యార్థీ ఒక్క క్షణం తన వేళ్లు చూసుకుంటాడు. పత్రిక పేరు పైన, లోపల ఏముందో చెప్పే రెండు మూడు చిన్న పంక్తులు కింద ఉంటే సరిపోతుంది. ఫొటో ఏదైనా అచ్చయ్యే పరిమాణంలో అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా వచ్చినదాన్ని వాడకండి, పంపేటప్పుడే అది కుదించుకుపోయి ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి.

విషయం గురించి మీరు అడగలేదు గాని, రూపకల్పన దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి కొంత చెబుతాను. మీ సంచికలో ఐదు జీవితచరిత్రలు ఉన్నాయి. విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైందనీ, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులనీ, ద్వారం వెంకటస్వామినాయుడుగారు తరువాత ఆ పదవిలో ఉన్నారనీ మీ పాఠకులకు ఇదివరకే తెలుసు. అదే సమాచారాన్ని మళ్లీ రెండు పేజీలు చేస్తే ఎంత చక్కని అమరికా దాన్ని చదివించలేదు. దానికి బదులు బొబ్బిలి దగ్గర గొల్లపల్లికో, నూజివీడుకో వెళ్లి వీణలు చేసేవారితో ఒక పూట గడపండి. పనసచెక్కను ఎలా ఎంచుకుంటారు, ఒకే మానులో వీణ మొత్తం ఎలా తొలుస్తారు, 24 మెట్లను మైనంలో ఎలా నిలిపి చెవితో ఎలా సరిచూస్తారు అన్నది అడిగి రాయండి, ఒక్కో దశకూ ఒక్కో ఫొటో తీయండి. అటువంటి వ్యాసానికి పేజీ తనంత తానే ఏర్పడుతుంది. నా అనుభవంలో పేజీ ఎంతకూ కుదరడం లేదంటే లోపం ఎక్కువసార్లు వ్యాసంలోనే తేలింది.

హక్కుల విషయంలో కూడా జాగ్రత్తపడాలి. మీరు రెండు సినిమా పాటల సాహిత్యాన్ని పూర్తిగా వేశారు. మన దేశంలో రచనకు కాపీహక్కు రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్లు ఉంటుంది. విమర్శలోనో విశ్లేషణలోనో కొన్ని పంక్తులు ఉదహరించడానికి చట్టం అవకాశమిస్తుంది, పాట మొత్తం వేయాలంటే అనుమతి కావాలి. త్యాగరాజస్వామి 1847లో కీర్తిశేషులయ్యారు కాబట్టి ఆ సాహిత్యానికి చిక్కు లేదు, కాని ఈ కాలపు పుస్తకంలో ఒకరు కూర్చిన స్వరలిపిని ఉన్నదున్నట్టు ఎత్తి వేయకూడదు. అన్నమాచార్య కీర్తనల దగ్గర మరో సూక్ష్మముంది. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు దొరికాయి గాని స్వరాలు దొరకలేదు. మనం పాడుకునే వరసల్లో చాలావాటిని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కూర్చారు. మీరు వేసిన కీర్తనకు 'రచన: అన్నమాచార్యులు' అని మాత్రమే ఉంది. స్వరకల్పన ఎవరిదో కనుక్కుని, అనుమతి తీసుకుని, ఆ పేరును రచయిత పేరంత పరిమాణంలోనే వేయండి.

మాటల రాతలో ఏకరూపత కోసం ఒక కాగితం రాసుకుని గోడకు అంటించండి. మీ సంచికలో ధైవతానికి (ఆరో స్వరానికి) ఒకచోట 'ద', మరోచోట 'ధ' వాడారు. వయొలిన్, వయోలిన్, ఫిడేలు మూడూ ఒకే వ్యాసంలో ఉన్నాయి. ఏది ఎంచుకున్నా సరే, అందరూ ఒకటే రాయాలి. స్వరలిపి ప్రూఫును మాత్రం కంటితో దిద్దకండి, పాడి దిద్దండి. ఒకరు కాగితంలో ఉన్నది ఉన్నట్టు పాడాలి, తెలిసిన పాట కదా అని నోటికి వచ్చినట్టు పోకూడదు. ఇంకొకరు తాళం వేస్తూ అక్షరాలు లెక్కపెట్టాలి. ఆ కృతి రానివారు పాడితే ఇంకా మంచిది, వచ్చినవారి నోరు తప్పును తనకు తెలియకుండానే సవరించేస్తుంది.

అచ్చుకు ఇచ్చేటప్పుడు ఫాంట్లను పొదిగిన పీడీఎఫ్‌నే ఇవ్వండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తే, అందులోని వరల్డ్-రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకోకపోతే ఒత్తులు చెదురుతాయి. డబ్బు లేకపోతే అటువంటిదే ఉచితంగా దొరికే స్క్రైబస్ కొత్త వెర్షన్లలో తెలుగు సరిగ్గానే కూర్చుకుంటుంది. పాఠాన్ని యూనికోడ్ కాని అనూ ఫాంట్లలోకి మార్చవలసి వస్తే మార్చాక మొత్తం మళ్లీ చదవాలి, ముఖ్యంగా పొల్లుతో ఆగవలసిన చోట, 'వయొలిన్‌లో' అన్నది 'వయొలిన్లో'గా మారిపోతుంది. లోపలికి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాముల) మ్యాప్‌లితో అనే మెరుపులేని కాగితం చాలు, మెరిసే ఆర్ట్ పేపర్ దీపం కింద కళ్లకు కొడుతుంది. అంచుదాకా వచ్చే బొమ్మలను కత్తిరింపు కోసం అంచు బయటికి 3 మిల్లీమీటర్లు అదనంగా పొడిగించండి. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి.

అచ్చుకు ముందు ఒక డమ్మీ (నమూనా ప్రతి) తయారుచేసి ఐదారుగురికి ఇవ్వండి. బాగుందా అని అడగవద్దు, ఎవరైనా బాగుందనే అంటారు, మొదటిసారీ అదే జరిగింది. పక్కన కూర్చుని చూడండి. ఏ పేజీ దగ్గర ఆగారు, దేన్ని చూడకుండా తిప్పేశారు, ఎక్కడ కాగితాన్ని కంటికి దగ్గరగా తెచ్చుకున్నారు అన్నది రాసుకోండి. ఆ ఐదారుగురిలో ఒకరు మొదటి సంవత్సరం విద్యార్థి, ఒకరు అరవై దాటినవారు, ఒకరు వాద్యం పట్టుకుని నేలమీద కూర్చున్నవారు తప్పక ఉండాలి.

మీరు మరో రెండు నెలల్లో సంచిక తేవాలంటున్నారు. అన్ని పేజీలూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం నడిమి రెండు పేజీలు మాత్రమే చేయండి. ఒక ఏ3 కాగితం మీద అసలు పరిమాణంలో ముద్రించి, సాయంత్రం సాధన వేళ, గదిలో మామూలుగా ఉండే వెలుతురులోనే నేలమీద పరిచి, చివరి ఆవర్తనం దాకా ఆగకుండా వాయించగలిగారో లేదో చూడండి. ఆ కాగితాన్ని స్కాన్ చేసి ఇక్కడ పెడితే చుక్కలు, గీతలు, దూరాలు నేను కొలిచి చెబుతాను.